నేను, నన్ను, నాకు... ఇంగ్లిష్‌లో ఏది ఎక్కడ?

రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. చూస్తే మా పిన్ని కూతురు. నరసరావుపేటలో బీకామ్ ఫైనలియర్ చదువుతోంది. ఆ టైమ్‌లో ఇంటి నుంచి ఫోనంటే ఎవరికైనా గుండె జారుతుంది కదా. గబుక్కున ఎత్తాను.

"అన్నయ్యా, పడుకున్నావా?"

"లేదులే. ఏమైందిరా?"

"రేపు పొద్దున గుంటూరులో ఇంటర్వ్యూ. సెల్ఫ్ ఇంట్రడక్షన్ రాసుకున్నా. ఐ ఎక్కడ పెట్టాలో, మీ ఎక్కడ పెట్టాలో, మై ఎక్కడో... మొత్తం కలగాపులగం అయిపోతోంది. మా ఫ్రెండ్‌కి చూపిస్తే పడీపడీ నవ్వింది. రేపు నోరు తెరవకుండానే వచ్చేస్తానేమో."

ఆ చివరి మాట విని నేను మంచం మీద లేచి కూర్చున్నా. ఎందుకంటే నోరు తెరవకుండా ఉండటం అనే పని నేను ఒకప్పుడు ఆరు నెలలు చేశాను.

నా మొదటి ఉద్యోగం. మొదటి క్లయింట్ కాల్. ఒక బగ్‌ని నేనూ, నా పక్క సీటు కుర్రాడూ రాత్రంతా కూర్చుని పట్టుకున్నాం. "ఎవరు కనిపెట్టారు?" అని అడిగారు. ఉత్సాహంగా "మీ అండ్ హిమ్ ఫౌండ్ ఇట్" అన్నాను. ఎవరో మ్యూట్ చేసుకోవడం మర్చిపోయినట్టున్నారు, కిసుక్కున నవ్వు వినిపించింది. అంతే. ఆ రోజు నుంచి కాల్‌లో నా మైక్ ఆన్ అవ్వలేదు. చెప్పాల్సిందంతా చాట్‌లో టైప్ చేసేవాణ్ణి. నేను రాసిన కోడ్ గురించి వేరేవాళ్లు మాట్లాడేవాళ్లు, మెచ్చుకోలు కూడా వాళ్లకే వెళ్లేది. రెండు చిన్న మాటల వల్ల ఆరు నెలలు పోయాయి.

అందుకే చెల్లితో "ఆ కాగితం ఫొటో తీసి పంపు, అరగంటలో తేల్చేద్దాం" అన్నాను. ఆ అరగంటలో మేం మాట్లాడుకున్నదే ఈ వారం మీకు చెప్తున్నా.

మనకి ముందే తెలుసు

"నువ్వు తెలుగులో ఎప్పుడైనా 'నేను ఆకలేస్తోంది' అన్నావా?" అని అడిగాను.

"ఛీ, అదేం తెలుగు?"

"'అమ్మ నేను తిట్టింది' అన్నావా?"

"'అమ్మ నన్ను తిట్టింది' అంటాం."

"మరి ఎవరు నేర్పారు?"

ఎవరూ నేర్పలేదు. నేను, నన్ను, నాకు, నాతో, నా... మాట ఒకటే, వాక్యంలో అది చేసే పనిని బట్టి వేషం మారుతుంది. బడిలో దీన్నే విభక్తులు అన్నారు. డు, ము, వు, లు అని బట్టీ పట్టించింది ఇందుకే. ఇంగ్లిష్ వాళ్లు కేస్ అంటారు. ఐ, మీ, మై అంటే అదే ఆట. కొత్త సబ్జెక్ట్ ఏమీ కాదు.

ఇంకో సంగతి. "రాముడు రావణుణ్ణి చంపాడు" అన్నా, "రావణుణ్ణి రాముడు చంపాడు" అన్నా చచ్చింది రావణుడే. ఆ 'ణ్ణి' మెడలో ఐడీ కార్డులా వేలాడుతూ ఉంటుంది, ఎక్కడ నిలబడినా గుర్తుపట్టేస్తాం. ఇంగ్లిష్‌లో మామూలు పేర్లకి ఆ కార్డు లేదు. అక్కడ సీటే ముఖ్యం. పేర్లు అటూ ఇటూ మార్చారంటే రామాయణమే తిరగబడుతుంది. కోడింగ్ తెలిసినవాళ్లకి ఒక్క మాటలో చెప్పాలంటే, ఇంగ్లిష్ పేర్లు పొజిషన్‌ని బట్టి పనిచేసే ఆర్గ్యుమెంట్లు, తెలుగు పేర్లు లేబుల్ తగిలించుకున్న ఆర్గ్యుమెంట్లు.

కానీ ఐ, హీ, షీ, వుయ్, దే అనే ఈ కొద్ది మాటలు మాత్రం ఇంగ్లిష్‌లో కూడా మనలాగే ఐడీ కార్డు వేసుకుని తిరుగుతాయి. ఇంగ్లిష్ మొత్తంలో తెలుగుకి బాగా దగ్గరగా ఉండే మూల ఇదే. మనం భయపడేది కూడా ఇక్కడే!

ముందు ఈ లిస్ట్ ఒకసారి చూడండి. వరసగా చేసేవాళ్లు, పని ఎవరి మీద పడిందో వాళ్లు, సొంతం.

నేను: ఐ – మీ – మై
మనం, మేము: వుయ్ – అస్ – అవర్
నువ్వు, మీరు: యూ – యూ – యువర్
అతను, ఆయన, వాడు: హీ – హిమ్ – హిజ్
ఆమె, ఆవిడ: షీ – హర్ – హర్
అది: ఇట్ – ఇట్ – ఇట్స్
వాళ్లు: దే – దెమ్ – దెయిర్

ఇక్కడ ఒక చిన్న తమాషా. ఇంగ్లిష్ 'మీ' అంటే నన్ను. మన 'మీ' అంటే యువర్. తెలుగు అక్షరాల్లో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కాబట్టి ఈ కాలమ్ చదివినంతసేపూ ఇంగ్లిష్ వాక్యంలో 'మీ' కనిపిస్తే అది మీరు కాదు, నేను!

నాకు అంటే అన్నిసార్లూ 'మీ' కాదు

చెల్లి రాసిన కాగితంలో ఒక వాక్యం: "మీ హావ్ వన్ ఎల్డర్ బ్రదర్." ఎందుకలా రాశావంటే, "నాకు ఒక అన్నయ్య ఉన్నాడు కదా, నాకు అంటే మీ కదా" అంది.

లాజిక్ తప్పు కాదు. తెలుగు 'నాకు' రెండు ఉద్యోగాలు చేస్తుంది, చిక్కంతా అక్కడే.

"సార్ నాకు పుస్తకం ఇచ్చారు." ఇక్కడ పని చేసింది సార్. ఆ పని నా దాకా వచ్చి ఆగింది. ఇది 'మీ'. "అక్క నాకు చెప్పింది", "వాడు నాకు మెసేజ్ పెట్టాడు" అన్నవి కూడా అంతే.

"నాకు ఆకలేస్తోంది. నాకు తెలుసు. నాకు కావాలి. నాకు గుర్తుంది. నాకు భయంగా ఉంది." ఇక్కడ ఎవరూ నాకేమీ ఇవ్వలేదు. జరిగేదంతా నా లోపలే. ఇంగ్లిష్ ఈ మనిషిని తీసుకెళ్లి ముందు కుర్చీలో కూర్చోబెడుతుంది. ఐ యామ్ హంగ్రీ, ఐ నో, ఐ వాంట్, ఐ రిమెంబర్, ఐ యామ్ స్కేర్డ్. ఉండటం, కలిగి ఉండటం కూడా ఈ లెక్కలోకే వస్తుంది. కాబట్టి "ఐ హావ్ వన్ ఎల్డర్ బ్రదర్".

అన్నిటికంటే గమ్మత్తయింది "వాడు నాకు నచ్చాడు". తెలుగులో వాడు ముందు కుర్చీలో ఉన్నాడు, నేను 'నాకు' అయి పక్కన నిలబడ్డాను. ఇంగ్లిష్‌లో కుర్చీలు మారిపోతాయి. ఐ లైక్డ్ హిమ్. వాడు హిమ్ అయ్యాడు, నాకు ఐ అయింది. తెలుగు వరసనే పట్టుకుని "హీ లైక్డ్ మీ" అన్నామంటే ప్రేమకథ రివర్స్ అయిపోతుంది. నచ్చింది నాకైతే, నేనే వాడికి నచ్చినట్టు చెప్పేశామన్నమాట!

ఇక్కడ చెల్లి అడిగింది: "మనలాగే 'నాకు' అనొచ్చు కదా, వాళ్లకేం పోయింది?"

నిజానికి ఒకప్పుడు అనేవాళ్లు. వెయ్యేళ్ల కిందటి పాత ఇంగ్లిష్‌లో ఆకలేస్తే 'నాకు' లాంటి రూపమే వాడేవాళ్లు. షేక్‌స్పియర్ నాటకాల్లో 'మీథింక్స్' అనే మాట వస్తుంది. చాలామంది 'నేను అనుకుంటున్నా' అని అర్థం చేసుకుంటారు కానీ, దాని పుట్టుక చూస్తే అచ్చంగా మన 'నాకనిపిస్తోంది'. అప్పట్లో 'అతన్ని' అనడానికి హినె, 'అతనికి' అనడానికి హిమ్ అని రెండు వేర్వేరు మాటలు కూడా ఉండేవి. కాలక్రమంలో హినె పోయింది, రెండు పనులూ హిమ్ నెత్తిన పడ్డాయి. అందుకే మనకి నన్ను, నాకు రెండున్నా ఇంగ్లిష్‌లో రెండిటికీ ఒక్క 'మీ'యే గతి.

యూ ఎందుకు మారదో కూడా ఇలాంటి కథే. మొదట్లో చేసేవాళ్లకి యీ, పని ఎవరి మీద పడితే వాళ్లకి యూ అని వేరుగా ఉండేవి. 1611లో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిల్‌లో ఆ తేడా కనిపిస్తుంది. నువ్వు, నిన్ను అనడానికి దౌ, దీ అని ఇంకో జత కూడా ఉండేది. తర్వాత యూ ఒక్కటే అందర్నీ పక్కకి నెట్టేసి మొత్తం ఇల్లు ఆక్రమించుకుంది. మనకి మంచిదే, ఒక తలనొప్పి తగ్గింది.

'నా' కనిపించినా మై కాదు

రెండో వాక్యం: "మై ఫాదర్ వర్క్స్ హార్డ్ ఫర్ మై." నా కోసం కష్టపడతారు అని దాని భావం. 'నా కోసం'లో 'నా' ఉంది కాబట్టి మై పెట్టేసింది. నాతో, నా గురించి, నా దగ్గర, నా వెనక... తెలుగులో వీటన్నిటికీ ముందు 'నా' ఉంటుంది. ఇంగ్లిష్‌లో ఫర్, విత్, అబౌట్, నియర్, బిహైండ్, ఫ్రమ్, టు లాంటి చిన్న మాటల తర్వాత మనిషి ఒంటరిగా వస్తే ఎప్పుడూ 'మీ' వరసే. ఫర్ మీ, విత్ హిమ్, అబౌట్ హర్, ఫ్రమ్ దెమ్.

మై కావాలంటే దాని పక్కన ఒక వస్తువో మనిషో ఉండాలి. మై ఫోన్, మై అమ్మ, మై ఊరు. ఫర్ మై దగ్గర ఆగిపోతే వినేవాడు "నీ ఏంటి?" అని ఎదురు చూస్తూ ఉంటాడు. పక్కన వస్తువు లేకుండా 'నాది' అని ఊరుకోవాలంటే దానికి వేరే మాట ఉంది, మైన్. దిస్ ఫోన్ ఈజ్ మైన్. అలాగే అవర్స్, యువర్స్, హర్స్, దెయిర్స్. హిజ్ మాత్రం మారదు.

ఫోన్‌లో టైప్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త. 'దానిది' అనే అర్థంలో ఇట్స్ రాస్తే పైన ఆ కామాలాంటి గుర్తు పెట్టకూడదు. గుర్తు పెడితే అది ఇట్ ఈజ్ లేదా ఇట్ హాజ్ అవుతుంది. కీబోర్డ్ తనంతట తానే గుర్తు తగిలించేస్తుంటుంది, పంపే ముందు ఒకసారి చూసుకోండి.

ఆమె పేరు... షీ నేమ్?

మూడోది వాళ్లమ్మ గురించి. "షీ నేమ్ ఈజ్" అని మొదలుపెట్టింది. ఈ తప్పు మనవాళ్లు చాలామంది చేస్తారు. కారణం మాత్రం సోమరితనం కాదు. నేను, నా పేరు. వాడు, వాడి పేరు. ఇక్కడ మాట మారింది. కానీ ఆమె, ఆమె పేరు. ఆయన, ఆయన పేరు. ఇక్కడ తెలుగులో మాట మారలేదు! మారలేదు కాబట్టి మనసు ఇంగ్లిష్‌లో కూడా షీని అలాగే వదిలేస్తుంది.

దీనికి నేను చెప్పిన చిట్కా ఒకటే. 'ఆమె', 'ఆయన' పక్కన వస్తువు పెట్టేటప్పుడు మనసులో 'యొక్క' అని అనుకో. ఆమె యొక్క పేరు. 'యొక్క' ఇమిడితే హర్, హిజ్. ఇమడకపోతే షీ, హీ. "ఆమె యొక్క వచ్చింది" అని ఎవరూ అనరు కదా, అందుకే షీ కేమ్. తెలుగు వాక్యంలో 'యొక్క' వాడితే అనువాదంలా ఉందని తిడతారు, కానీ ఇక్కడ మాత్రం బాగా పనికొస్తుంది.

ఇద్దరున్నప్పుడు ఒకర్ని పంపించేయండి

నాలుగోది: "మై సార్ గేవ్ ద ప్రాజెక్ట్ టు మై ఫ్రెండ్ అండ్ ఐ." ఇది మర్యాద కోసం వచ్చిన తప్పు. చిన్నప్పుడు మనం "మీ అండ్ మై ఫ్రెండ్ వెంట్" అంటే, టీచర్ "మై ఫ్రెండ్ అండ్ ఐ" అనాలని సరిదిద్దుతారు. ఆ భయంతో ఎక్కడ అండ్ కనిపించినా ఐ పెట్టేస్తాం. ఇంగ్లిష్ పుట్టి పెరిగిన వాళ్లు కూడా ఈ గోతిలో పడతారు. 'బిట్వీన్' తర్వాత 'యూ అండ్ ఐ' అనే ప్రయోగం షేక్‌స్పియర్ రాసిన మర్చెంట్ ఆఫ్ వెనిస్‌లోనే ఉంది.

దీనికి రెండు దారులున్నాయి. మొదటిది, ఫ్రెండ్‌ని కాసేపు బయటికి పంపించండి. "గేవ్ ద ప్రాజెక్ట్ టు ఐ" అంటామా? అనం. టు మీ అంటాం. ఇప్పుడు ఫ్రెండ్‌ని మళ్లీ లోపలికి పిలవండి. టు మై ఫ్రెండ్ అండ్ మీ.

రెండోది మన సొంత దారి. తెలుగులో అనుకోండి. "నా ఫ్రెండ్‌కీ, నాకూ ఇచ్చారు." తెలుగు ఇద్దరికీ విడివిడిగా కార్డు తగిలిస్తుంది. 'నేనూ' వస్తే ఐ, 'నాకూ', 'నన్నూ' వస్తే మీ. "నీకూ నాకూ మధ్య" అంటాం కాబట్టి బిట్వీన్ యూ అండ్ మీ. ఇక్కడ మాత్రం తెలుగు మనల్ని మోసం చెయ్యదు. లోపల జరిగే 'నాకు' సంగతి మాత్రం మర్చిపోవద్దు. "నాకూ, వాడికీ తెలుసు" అంటే హీ అండ్ ఐ నో.

ఈ లెక్కన నా పాత వాక్యం "హీ అండ్ ఐ ఫౌండ్ ఇట్" అవ్వాలి. నేనూ, అతనూ కనిపెట్టాం. అంతే తేడా.

మైసెల్ఫ్ సంగతి

ఇక కాగితం మొదటి లైన్. "మైసెల్ఫ్" అని, పక్కన పేరు. ఇది మన దేశంలో ఇంటర్వ్యూ గదులన్నిటిలో వినిపించే మాట. మైసెల్ఫ్ అంటే 'నన్ను నేనే' లేదా 'నేనే స్వయంగా'. ఐ కట్ మైసెల్ఫ్ అంటే నన్ను నేనే కోసుకున్నా. ఐ డిడ్ ఇట్ మైసెల్ఫ్ అంటే నేనే స్వయంగా చేశా. వెనక ఐ లేకుండా మైసెల్ఫ్ ఒక్కటే ముందుకొచ్చి నిలబడలేదు. పేరు చెప్పాలంటే "ఐ యామ్" లేదా "మై నేమ్ ఈజ్" చాలు. హుందాగా ఉంటుంది.

తెలుగు సూత్రం పనిచేయని చోటు కూడా ఒకటి చెప్పాలి. తలుపు కొడితే లోపల నుంచి "ఎవరు?" అంటారు. మనం "నేనే" అంటాం. ఇంగ్లిష్‌లో "ఇట్స్ మీ". పాత గ్రామర్ పుస్తకాలు "ఇట్ ఈజ్ ఐ" కరెక్ట్ అంటాయి కానీ మామూలుగా మాట్లాడేటప్పుడు అది నాటకం డైలాగ్‌లా ఉంటుంది. "నేను కూడా" అని ఒక్క ముక్కలో చెప్పాలన్నా "మీ టూ"నే. క్రియ లేకుండా ఒంటరిగా మిగిలిపోతే ఇంగ్లిష్ 'మీ' వైపే మొగ్గుతుంది.

ఆ నవ్వు విలువెంత?

పన్నెండు దాటింది. చెల్లి కాగితం మొత్తం తిరగరాసింది. చివర్లో అడిగింది: "ఇవన్నీ గుర్తుపెట్టుకుని మాట్లాడటం అయ్యే పనేనా అన్నయ్యా? మధ్యలో తప్పొస్తే?"

అప్పుడు నా ఆరు నెలల కథ చెప్పాను. ఆ కథలో నాకు ఆలస్యంగా తెలిసిన విషయం ఒకటుంది. మాట్లాడే ఇంగ్లిష్‌లో "మీ అండ్ హిమ్" అని సొంత భాష వాళ్లు కూడా సరదాగా అనేస్తుంటారు. రాతలో, ఇంటర్వ్యూలో అయితే తప్పే. కానీ ఆ రోజు కాల్‌లో నా మాట అర్థం కానివాళ్లు ఎవరూ లేరు. బగ్ ఎవరు పట్టుకున్నారో అందరికీ తెలిసింది. నాకు నష్టం చేసింది ఆ తప్పు కాదు, ఆ తర్వాత నేను మూసుకున్న నోరు.

"తప్పొస్తే ఆగు, సరిచేసుకో, ముందుకెళ్లు. మ్యూట్‌లోకి మాత్రం వెళ్లకు" అన్నాను.

మర్నాడు సాయంత్రం ఫోన్ చేసింది. ఫలితం తర్వాత చెప్తామన్నారట. "ఒక చోట 'షీ నేమ్' అనేశా అన్నయ్యా. వెంటనే 'సారీ, హర్ నేమ్' అన్నా. ఆ మేడమ్ తల ఊపి తర్వాతి ప్రశ్న అడిగారు. అంతే, ఇంకేం జరగలేదు" అంది.

ఇంకేం జరగలేదు. ఆరు నెలలు నేను భయపడింది ఆ 'ఇంకేదో' గురించే.

ఈ వారం మీకో చిన్న పని. ఈరోజు మీరు వాట్సాప్‌లో తెలుగులో పంపిన మెసేజ్‌ల్లోంచి నేను, నన్ను, నాకు, నాతో, నా ఉన్నవి ఐదు ఏరండి. ఒక్కొక్కటీ ఇంగ్లిష్‌లోకి మార్చండి. 'నాకు' వచ్చిన చోట ఒక్క క్షణం ఆగి, ఎవరైనా ఇచ్చారా, నా లోపల జరిగిందా అని అడగండి. తర్వాత దాన్ని పైకి, గట్టిగా చదవండి. గట్టిగా చదవడమే ముఖ్యం. మైక్ ఆన్‌లోనే ఉండాలి మరి!